పిల్లల క్లీనింగ్ సెట్టు, మ్యాగ్నెట్ స్టార్ల బోర్డు: రెండూ బాగా వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, పిల్లల క్లీనింగ్ సెట్టుకి ఐదుకి నాలుగున్నర, దాంతో పాటే కొన్న మ్యాగ్నెట్ స్టార్ల బోర్డుకి ఐదుకి రెండు. రెండూ కొన్నది ఒకే ఉద్దేశంతో, పిల్లలకి ఇంటి పని అంటే విసుగు కాకుండా సరదాగా అలవాటు అవ్వాలని. మా బాబుకి ఆరేళ్లు, పాపకి మూడు నిండి నాలుగు నడుస్తోంది. చాలా నెలలుగా రోజూ వాడుతున్నాం, కాబట్టి పెట్టె విప్పిన రోజు సంబరంలో రాసింది కాదిది, చీపురు పీచు అరిగి, మాప్ ప్యాడ్ ఉతికి ఉతికి రంగు వెలిసిపోయాక రాస్తున్నది. కంపెనీ పేర్లు రాయట్లేదు, ఎందుకంటే అచ్చం ఇలాంటి సెట్లే రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి, పేరు కన్నా ఏం చూసి కొనాలో తెలిస్తేనే ఎక్కువ ఉపయోగం.

సెట్టులో వచ్చినవి: పొట్టి కర్ర చీపురు, ఫ్లాట్ మాప్, చేతిలో పట్టుకునే చిన్న బ్రష్షు దానికి జతగా డస్ట్ పాన్, దుమ్ము దులిపే మెత్తటి డస్టర్, చిన్న స్ప్రే బాటిల్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఇవన్నీ తగిలించుకోవడానికి ఒక చెక్క స్టాండ్. ఒక ఏప్రాన్ కూడా ఉంది, పాప దాన్ని బొమ్మకి తొడిగేసింది, ఇక దాని గురించి చెప్పడానికేం లేదు.

అసలు విషయానికి వస్తే, మార్కెట్లో పిల్లల క్లీనింగ్ సెట్లు రెండు జాతులు. ఒకటి ఉత్త బొమ్మ. చూడ్డానికి చీపురులా ఉంటుంది, ఊడిస్తే ఏమీ ఊడదు, పీచు గట్టి ప్లాస్టిక్, దుమ్ముని తోయకుండా దాని మీద నుంచి జారిపోతుంది. రెండోది సైజు చిన్నదే కానీ నిజంగా పనిచేసే సామాను. ఈ తేడా పెద్దవాళ్లకి చిన్నదిగా అనిపిస్తుంది, పిల్లలేగా ఏదైతే ఏంటి ఆడుకుంటారు అనుకుంటాం, కానీ పిల్లలకి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. బొమ్మ చీపురు ఇస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి పక్కన పడేసి మళ్లీ మన పెద్ద చీపురు కోసమే వస్తారు. ఎందుకంటే వాళ్లకి కావాల్సింది చీపురు ఆట కాదు, అమ్మానాన్న చేస్తున్న ఆ పని. కింద ఉన్న చెత్త నిజంగా కదలాలి, డస్ట్ పాన్‌లోకి ఎక్కాలి, వాళ్ల చేత్తో చెత్త బుట్టలో పడాలి. అది జరిగితే సరదా దానంతట అదే వస్తుంది, మనం విడిగా ఏ ఆటా కనిపెట్టక్కర్లేదు. నేను ఈ సెట్టుకి అంత రేటింగ్ ఇవ్వడానికి కారణం పూర్తిగా ఇదే, ఇందులో ఉన్నవి పనిచేస్తాయి.

ముఖ్యంగా డస్ట్ పాన్. ఎవరూ దీన్ని పట్టించుకోరు కానీ పిల్లల చేత ఊడిపించడంలో గెలుపోటములన్నీ ఇక్కడే తేలతాయి. డస్ట్ పాన్ ముందు అంచు మందంగా ఉంటే ఏమవుతుందంటే, పాప బ్రష్షుతో చెత్తని జాగ్రత్తగా అంచు దాకా తెస్తుంది, అది లోపలికి ఎక్కదు, అంచు కిందకి దూరిపోతుంది, పాన్ ఎత్తి చూస్తే కింద సన్నటి గీతలా దుమ్ము మిగులుతుంది, పాన్ కొంచెం వెనక్కి జరిపి మళ్లీ తోస్తుంది, మళ్లీ గీత. పెద్దవాళ్లం అయితే తడిగుడ్డ పెట్టి తుడిచి పారేస్తాం, మూడేళ్ల పిల్లకి ఆ ఉపాయం తట్టదు, రెండుసార్లు చూసి వదిలేస్తుంది లేదా ఏడుస్తుంది. ఈ సెట్టులో అంచుకి సన్నటి మెత్తని రబ్బరు పట్టీ ఉంది, నేలకి అతుక్కుపోతుంది, ఇసుక లాంటి సన్న దుమ్ము కూడా ఎక్కుతుంది. పాప మొదటిసారి చెత్త మొత్తం ఎక్కించాక పాన్‌ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని బుట్ట దాకా నడిచింది, ఒలకకుండా అంత మెల్లగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. కొనేటప్పుడు ఫోటోలో ఆ అంచు జూమ్ చేసి చూడండి, రబ్బరు లేకపోయినా కనీసం పలచగా అయినా ఉండాలి. మందపాటి గుండ్రటి అంచు ఉందంటే అది బొమ్మ, వదిలేయండి.

చీపురు కర్ర గురించి ఒక మాట. కర్ర పైభాగం పిల్లల భుజం దాకా, మహా అయితే గడ్డం దాకా రావాలి, అంతకన్నా పొడుగైతే తిప్పేటప్పుడు పక్కన ఉన్నవాళ్ల మొహానికి తగులుతుంది, లేదా వాళ్ల మొహానికే. పెద్ద చీపురు ఇస్తే పిల్లలు ఊడవలేకపోవడానికి బలం లేక కాదు, కర్ర పొడుగు వల్ల పైభాగం బరువు లాగేసి కింద పీచు గాల్లోకి లేస్తుంది, అంతే. మాకు వచ్చిన కర్ర పాపకి సరిగ్గా ఉంది, బాబుకి ఇప్పటికే పొట్టి అయిపోతోంది, వంగి ఊడుస్తున్నాడు, ఇదే నేను అర పాయింట్ తగ్గించడానికి కారణం. కర్రకి అదనపు ముక్క జోడించుకునే వీలుంటే అయిదారేళ్ల పిల్లలకి కూడా రెండేళ్లు పనికొచ్చేది. అలా జోడించే మోడల్స్ ఉన్నాయి, ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే వాటి వైపు వెళ్లండి, కాకపోతే జాయింట్ దగ్గర మర గట్టిగా ఉందో లేదో చూసుకోండి, వదులుగా ఉంటే ఊడిచేటప్పుడు కర్ర తిరిగి తిరిగి ఊడి వచ్చేస్తుంది.

సెట్టుతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఒక ఐడియా ఉంది, మాస్కింగ్ టేపుతో నేల మీద అడుగు పొడుగు అడుగు వెడల్పు గడి వేసి, చెత్త అంతా ఆ గడిలోకి ఊడవమనండి అని. ఇది మాంటిస్సోరి క్లాసుల్లో చాలా కాలంగా చేస్తున్న పద్ధతే, అక్కడ సుద్దముక్కతో గీస్తారు. చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది కానీ పనిచేసినంత బాగా ఇంకేదీ పనిచేయలేదు మా ఇంట్లో. గది ఊడువు అంటే మూడేళ్ల పిల్లకి అది ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో తెలీదు, గది మొత్తం వాళ్ల కళ్లకి మైదానంలా ఉంటుంది. గడి ఉంటే పనికి ఒక చివర దొరుకుతుంది, గడి నిండింది అంటే అయిపోయింది, ఇప్పుడు ఎత్తాలి. బాబు అయితే గడిని చిన్నది చేసి ఇంకా కష్టం చేసుకుంటున్నాడు, బిళ్ల సైజు గడి వేసి అందులోకి తోస్తాడు.

మరియా మాంటిస్సోరి ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఆవిడ డాక్టరు, 1907 జనవరి 6న రోమ్ నగరంలో సాన్ లొరెంజో అనే పేదల పేటలో పిల్లల కోసం మొదటి బడి తెరిచారు. అక్కడ పిల్లల ఎత్తుకి సరిపడా బల్లలు, కుర్చీలు, చిన్న చిన్న పని సామాను పెట్టించారు, ఊడవడం, కడగడం, నీళ్లు ఒంపడం, బొత్తాలు పెట్టుకోవడం ఇవన్నీ పాఠాల్లో భాగమే. పిల్లలు బొమ్మలు పక్కనపెట్టి నిజం పనుల వైపే వెళ్తున్నారని ఆవిడ గమనించారు. వందేళ్ల పైమాటే అయింది, మనం మాత్రం ఇంకా షాపులో పిల్లలకి ప్లాస్టిక్ చీపురే చూస్తున్నాం.

మాప్ సంగతి. ఇది ఫ్లాట్ మాప్, ప్యాడ్ కింద వెల్క్రోతో అతుక్కుంటుంది. దారాల మాప్ కన్నా ఇదే మేలు, ఎందుకంటే దారాల మాప్ పిండాలంటే పెద్దవాళ్ల మణికట్టు బలం కావాలి, పిల్లలు పిండలేరు, నీళ్లు కారుతున్నదే నేల మీద వేసేస్తారు, తర్వాత మనం జారి పడతాం. ప్యాడ్ అయితే విడిగా తీసి నేను పిండి ఇస్తా, లేదా బాబే రెండుగా మడిచి పిండుతాడు. ప్యాడ్ అతికించడం, పీకడం, ఆ వెల్క్రో చర్రుమనే చప్పుడు పాపకి ఎంత ఇష్టమో చెప్పలేను, తుడవడం కన్నా పీకడానికే ఎక్కువ సార్లు వస్తుంది, సరే అదీ పనిలో భాగమే అనుకున్నాం. ఒక్కటి మాత్రం చాలా గట్టిగా చెప్తున్నా, బకెట్ నిండా నీళ్లు పెట్టి పిల్లల్ని దాని దగ్గర వదలొద్దు. చిన్న పిల్లలకి తల బరువు ఎక్కువ, బకెట్లోకి తొంగి చూస్తూ తలకిందులైతే లేవలేరు, కొద్ది అంగుళాల నీళ్లు కూడా ప్రాణం మీదకి తెస్తాయి. చిన్న టబ్బులో మగ్గుడు నీళ్లు పోసి ఇవ్వండి, పని అయిన వెంటనే మీరే ఒంపేయండి, మీరు పక్కనే ఉండండి.

ఇక ఈ సెట్టులో హీరో ఎవరయ్యా అంటే స్ప్రే బాటిల్. నేను కొనేటప్పుడు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు, ఇప్పుడు అది లేకపోతే సెట్టు సగం లేనట్టే. ట్రిగ్గర్ మెత్తగా ఉంది, పాప ఒక చేత్తో బాటిల్ పట్టుకుని రెండో చేతి నాలుగు వేళ్లతో నొక్కుతుంది, నీళ్లు సన్నగా పొగలా పడతాయి, గుడ్డ పెట్టి గుండ్రంగా రుద్దుతుంది, మళ్లీ మొహం దగ్గర పెట్టి చూసుకుంటుంది మచ్చ పోయిందా లేదా అని. అద్దం కింది భాగం, టేబుల్, కుర్చీ కాళ్లు, ఫ్రిజ్ తలుపు కింది సగం, తలుపుల మీద వాళ్లవే చేతి మరకలు, ఇవన్నీ ఇప్పుడు పాప డిపార్ట్‌మెంట్. ఇందులో ఉత్త నీళ్లు తప్ప ఇంకేమీ పోయను. బాటిల్ నిండా పోయకూడదు, మూడో వంతు పోస్తే చాలు, బరువూ తగ్గుతుంది, నీళ్లు అయిపోవడమే పని అయిపోయిందని గుర్తు కూడా అవుతుంది, లేకపోతే గోడలన్నీ స్నానం చేస్తాయి. ఒక్కో చోట మూడు నొక్కులు అని చెప్పాం, పాప ఒకటీ రెండూ మూడూ అని పైకే లెక్కపెట్టుకుంటూ కొడుతుంది, లెక్కలు కూడా వచ్చేస్తున్నాయి పనిలో పనిగా.

దీంట్లో ఒక ప్రమాదం ఉంది, ఏ పెట్టె మీదా రాయట్లేదు అందుకే ఇక్కడ రాస్తున్నా. పిల్లలకి స్ప్రే బాటిల్ అంటే నాది అనే భావం వచ్చేశాక, సింక్ కింద ఉన్న మన స్ప్రే బాటిల్ కూడా వాళ్లకి అలాగే కనిపిస్తుంది. పిల్లల చేతికి స్ప్రే ఇచ్చే రోజే ఇంట్లో ఉన్న కెమికల్స్ అన్నీ పైకి, తాళం ఉన్న చోటికి వెళ్లిపోవాలి. పాత క్లీనర్ బాటిల్ కడిగి నీళ్లు పోసి ఇవ్వడం అసలు వద్దు. వాషింగ్ మెషీన్‌లో వేసే రంగు రంగుల లిక్విడ్ క్యాప్సూల్స్ ఉంటాయి చూడండి, మెత్తగా మెరుస్తూ చాక్లెట్‌లా కనిపిస్తాయి, బట్టలు వేసే పని పిల్లలకి ఇచ్చినా అవి మాత్రం ముట్టుకోనివ్వకండి. బ్లీచ్, టాయిలెట్ కడిగే యాసిడ్ కలిస్తే విషపు క్లోరిన్ వాయువు వస్తుంది, అందుకే బాత్‌రూమ్ కడిగే పని ఈ వయసు పిల్లల లిస్టులో ఉండకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం, వాళ్లు ఎంత బతిమాలినా సరే.

డస్టర్ బాగానే ఉంది, పుస్తకాల అర, టీవీ స్టాండ్ కింది అర దులపడానికి పనికొస్తుంది. దుమ్ముతో తుమ్ములు వచ్చే పిల్లలైతే పొడి డస్టర్ పక్కనపెట్టి తడిగుడ్డ ఇవ్వండి. స్టాండ్ మాత్రం చాలా అవసరం, చిన్న వస్తువనుకోకండి. సామాను వాళ్ల ఎత్తులో, కళ్ల ముందు, ఒక్కోదానికి ఒక్కో కొక్కెంతో ఉంటే అడగకుండానే తీస్తారు, అడగకుండానే కాకపోయినా ఒకసారి చెప్తే తిరిగి పెడతారు. అటక మీద దాచి మనం తీసిచ్చేదైతే అది మన పని అవుతుంది, వాళ్లది అవ్వదు. మా స్టాండ్ కొంచెం తేలిక, చీపురు లాగితే మొత్తం వంగేది, గోడకి రెండు స్క్రూలు కొట్టాక సమస్య లేదు.

ఇప్పుడు స్టార్ల బోర్డు. ఇది వేరే కంపెనీది. తెల్లటి మ్యాగ్నెట్ బోర్డు, ఎడమ వైపు పనుల బొమ్మలు, పక్కన వారం రోజుల గళ్లు, పని చేస్తే ఆ గడిలో స్టార్ పెట్టాలి, ఇన్ని స్టార్లు వస్తే ఒక బహుమతి అని కింద రాసుకునే చోటు. అందరూ రివ్యూల్లో తెగ మెచ్చుకున్నారు, మొదట్లో మాకూ అద్భుతంగా అనిపించింది, పిల్లలు పోటీ పడి చేశారు. ఆ ఊపు తగ్గాక మాటల తీరు మారిపోయింది. బాబు ఏ పని చెప్పినా దీనికి ఎన్ని స్టార్లు అని అడగడం మొదలెట్టాడు. చెల్లి బొమ్మ సోఫా కిందకి వెళ్తే తీసిస్తే స్టార్ ఇస్తావా నాన్నా అన్నాడు. అంతకు ముందు అదే పిల్లాడు ఎవరూ అడగకుండా చెల్లికి చెప్పులు తెచ్చి ఇచ్చేవాడు. పాప సంగతి ఇంకోటి, అన్నకి ఎక్కువ స్టార్లు కనిపిస్తే బోర్డు దగ్గర నిలబడి ఏడుపు. ఆరేళ్ల వాడికీ మూడేళ్ల దానికీ ఒకే బోర్డు మీద పోటీ పెట్టడం ఆ డిజైన్‌లోనే ఉన్న లోపం, ఏ ఇంట్లో అయినా చిన్నవాళ్లే ఓడిపోతారు.

ఇది మా పిల్లల ఒక్కళ్ల సంగతి కాదు, దీని మీద పాత ప్రయోగాలు ఉన్నాయి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు సైకాలజిస్టులు నర్సరీ పిల్లలతో ఒకటి చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం అంటే బాగా ఇష్టం ఉన్న పిల్లల్నే తీసుకున్నారు. కొందరికి ముందే చెప్పారు బొమ్మ వేస్తే రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం అని, కొందరికి ముందు చెప్పకుండా తర్వాత ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకి క్లాసులో మళ్లీ పెన్నులు పెట్టి చూస్తే, బహుమతి కోసం వేసిన పిల్లలు మిగతా వాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే వేశారు. ఇష్టం ఉన్న పనే, బహుమతి కట్టేసరికి ఇష్టం తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చిన వాళ్లకి మాత్రం ఏ నష్టం జరగలేదు, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం, అప్పుడప్పుడూ అనుకోకుండా ఏదైనా ఇస్తే తప్పేం లేదు.

ఇంకా చిన్న పిల్లల మీద కూడా ఉంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో పద్దెనిమిది నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో, తెలియని మనిషి బట్టలు ఆరేస్తూ క్లిప్పు కింద పడేసుకుని అందనట్టు చేయి చాపుతాడు, లేదా చేతుల నిండా పత్రికలు పెట్టుకుని బీరువా తలుపు తెరవలేక దానికి తగులుతూ ఉంటాడు. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్లలు లేచి వెళ్లి క్లిప్పు తీసి ఇచ్చారు, తలుపు తెరిచారు, ఎవరూ అడగలేదు, ఏమీ ఇస్తామనలేదు. రెండేళ్ల తర్వాత 2008లో వాళ్లే ఇరవై నెలల పిల్లలతో చేసినప్పుడు, సాయం చేసిన ప్రతిసారీ చిన్న బొమ్మ ముక్క బహుమతిగా ఇస్తే, ఆ పిల్లలు తర్వాత సాయం చేయడం తగ్గించేశారు, ఏమీ ఇవ్వని పిల్లలు మాత్రం చేస్తూనే ఉన్నారు. ఇది చదివాక బోర్డు మీద నా అభిప్రాయం స్థిరపడిపోయింది. పిల్లల్లో సాయం చేయాలనే తపన పుట్టుకతోనే ఉంది, స్టార్లు పెట్టి దాన్ని కొనుక్కోవాల్సిన అవసరం ఎక్కడిది, ఉన్నదాన్ని చెడగొట్టకుండా చేతికి అందేలా సామాను పెడితే చాలు.

అయితే రెండు పాయింట్లు ఎందుకు ఇచ్చానంటే బోర్డులోని బొమ్మల కార్డులు నిజంగా బాగున్నాయి. చదవడం రాని పిల్లలకి పక్క సర్దడం, ప్లేటు సింక్‌లో పెట్టడం, మొక్కలకి నీళ్లు, బట్టలు బుట్టలో వేయడం ఇలా ఒక్కో పనికి ఒక్కో బొమ్మ. స్టార్లు, గళ్లు అన్నీ తీసేసి ఆ కార్డుల్ని వరసగా పెట్టేశాం. ఉదయం పాప వచ్చి తనే చూసుకుంటుంది, అయిపోయిన కార్డు కిందకి దించుతుంది. ఏ పని ముందు చేయాలో వాళ్లే ఎంచుకోవచ్చు, ఇంట్లో పిల్లలకి తామే నిర్ణయించుకునే చోటు ఎంత తక్కువో ఆలోచిస్తే ఆ చిన్న స్వేచ్ఛ ఎంత పెద్దదో అర్థమవుతుంది. పెద్ద కాగితం మీద చేత్తో బొమ్మలు గీసి పెట్టినా ఇదే పని జరుగుతుంది, బోర్డు కొనక్కర్లేదు.

రెండు కన్నా ఎక్కువ ఇవ్వకపోవడానికి ఇంకో కారణం మ్యాగ్నెట్లు. కార్డుల వెనక అతికించిన చిన్న మ్యాగ్నెట్ బిళ్లలు ఊడి రావడం మొదలైంది, ఇది సీరియస్. పిల్లలు ఒకటి కన్నా ఎక్కువ మ్యాగ్నెట్లు మింగితే కడుపులో పేగు గోడలకి అటొకటి ఇటొకటి చేరి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో పేగు నలిగి చిల్లు పడొచ్చు, ఆపరేషన్ దాకా వెళ్తుంది. బొమ్మల భద్రతా పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టం వాడతారు, అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదని లెక్క. ఈ బిళ్లలు అందులో సులువుగా పట్టేస్తాయి. ఊడినవన్నీ తీసి పారేసి, కార్డుల్ని బట్టల క్లిప్పులతో తాడుకి తగిలించాం. మీ దగ్గర ఇలాంటి బోర్డు ఉంటే ఈరోజే ఒక్కో కార్డు వెనక గోరుతో లాగి చూడండి.

పాటలు పాడే చీపుర్లు, చప్పుడు చేసే వ్యాక్యూమ్ బొమ్మలు కూడా చూశాను, మేం కొనలేదు. బటన్ బ్యాటరీ ఉండే బొమ్మ ఏదైనా బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి, ఆ బ్యాటరీ మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిన గాయాలవుతాయి, అనుమానం వస్తే ఆగకుండా హాస్పిటల్‌కి పరిగెత్తాల్సిందే. పనుల యాప్‌లు సంగతి ఒక్క ముక్క, పాయింట్లు ఇస్తాయి, ఫోను చేతికిస్తాయి, ఊడవడం కోసం ఫోను చూడటం నాకు నచ్చలేదు. ఇసుక టైమర్ మాత్రం బాబుకి పనికొచ్చింది, ఇసుక అయ్యేలోపు బొమ్మలన్నీ బుట్టలోకి అంటే వాడికి హుషారు, పాపకి మాత్రం కంగారు, అందుకని పాపకి టైమర్ లేదు, నేను పక్కన కూర్చుని ఎర్రవి నువ్వు నీలంవి నేను అని పంచుకుంటాం.

ఇంకొకటి, ఇది నాకు బాగా కోపం తెప్పించిన విషయం. సెట్టు పెట్టె మీద గులాబి రంగు, చీపురు పట్టుకుని నవ్వుతున్న ఆడపిల్ల ఫోటో. బాబు చూడగానే ఇది చెల్లిదా అని అడిగాడు. ఆరేళ్ల పిల్లాడికి ఒక్క ఫోటోతో ఇల్లు ఊడవడం ఎవరి పనో చెప్పేశారు తయారు చేసినవాళ్లు. పెట్టె తీసి పారేసి, మీ ఇద్దరిదీ అని చెప్పి స్టాండుకి తగిలించాం. చెప్పడం కన్నా ఎక్కువ పనిచేసింది ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరూ చీపురు పట్టడం, నేను మాప్ వేస్తుంటే వాడు వెనకాలే చిన్న మాప్ వేసుకుంటూ వస్తాడు. రంగు, ఫోటో మామూలుగా ఉండే సెట్లు దొరుకుతున్నాయి, కొడుకులున్న వాళ్లూ కూతుళ్లున్న వాళ్లూ కూడా అవే తీసుకోండి.

దీనివల్ల మీ పని తగ్గుతుందా అని అడిగితే, ఇప్పట్లో తగ్గదు. నిజం చెప్పాలంటే పది నిమిషాల పని అరగంట అవుతుంది. కాబట్టి హడావుడిగా ఉన్న పొద్దుటి పూట పెద్ద పనులు పెట్టకండి, సెలవు రోజో సాయంత్రమో పెట్టుకోండి. వాళ్లు తుడిచిన చోటే వాళ్ల కళ్ల ముందే మళ్లీ తుడవకండి, అంత అవసరమైతే పడుకున్నాక తుడుచుకోవచ్చు. మంచి పిల్లవి అని ఊరికే పొగిడే బదులు, ఇదిగో నువ్వు తుడిచాక అద్దంలో నా మొహం ఎంత స్పష్టంగా కనపడుతోందో చూడు అంటే ఆ కళ్లల్లో వెలుగు వేరేలా ఉంటుంది.

ఏ వయసుకి అంటే, నడక కుదిరాక గుడ్డా ఉత్త నీళ్ల స్ప్రే, మూడేళ్లకి బ్రష్షు డస్ట్ పాన్, నాలుగుకి చీపురు మాప్, ఇలా ఒక్కొక్కటిగా ఇవ్వండి, సెట్టు మొత్తం ఒకేరోజు ముందు పెడితే అన్నీ చిందరవందర చేసి ఏదీ నేర్చుకోరు. ఒక్కో వస్తువు ఇచ్చినప్పుడు ముందు మీరు మెల్లగా, మాటలు తగ్గించి చేసి చూపించండి, చేతులు ఎలా కదులుతున్నాయో వాళ్లు చూస్తారు. ఏడు దాటిన పిల్లలకి ఈ సెట్టు వద్దు, పెద్దవాళ్ల సామానే కాస్త తేలికది చూసి ఇచ్చేయండి. అసలు సెట్టు కొనే వీలు లేకపోయినా పర్లేదు, సాక్సులు జతలు వెతకడం, ఉతికిన బట్టల్లోంచి చేతి రుమాళ్లు ఏరి మడత పెట్టడం, మగ్గుతో మొక్కలకి నీళ్లు పోయడం వీటికి ఏమీ కొనక్కర్లేదు, సాక్సుల ఆట అయితే మా ఇంట్లో రాత్రి పూట గోల గోలగా జరుగుతుంది.

కొనేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు మాప్ ప్యాడ్లు విడిగా అమ్ముతున్నారో లేదో చూసుకోండి, ముందు అరిగిపోయేది అదే. మాకు విడిగా దొరకలేదు, పాత టవల్ ముక్కని అదే సైజుకి కత్తిరించి అంచులు కుట్టి వాడుతున్నాం, వెల్క్రోకి బాగానే పట్టుకుంటోంది, అసలు ప్యాడ్ కన్నా నీళ్లు ఎక్కువే పీలుస్తోంది.